ఎకరంన్నర తోట, రెండొందల గంటలు

ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఒకాయన కొత్తపేట దగ్గర కొబ్బరి రైతు. దింపు అయిన ప్రతిసారీ అంబాజీపేట మార్కెట్లో ధర చూసుకుని, నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికొచ్చే మనిషి. రెండో ఆయన ఈయన భార్యకి తమ్ముడు. అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతాడు, అలమార నిండా విమానాల పుస్తకాలే. రైతు కూతురు ఎంపీసీ రెండో సంవత్సరంలో ఉంది, పైలట్ అవుతానంటోంది. తండ్రి సరేనని ఎకరంన్నర తోట బేరం పెట్టేశాడు. అడ్డం పడింది ఎవరయ్యా అంటే, చిన్నప్పుడు ఆ పిల్లకి కాగితం విమానాలు చేసిచ్చిన మేనమామే. ప్రభల తీర్థం మర్నాడు వీధరుగు మీద జరిగిన మాటలివి. పేర్లు వెయ్యనని మాటిచ్చాను. కొన్ని తిట్లు నేనే తీసేశాను.

బావమరిది: బావగారూ, అమలాపురానికి ఇవాళ్టికీ రైలు లేదు. కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలు గౌతమి దాటడానికి ఇన్నేళ్లు పట్టింది, ఇంకా పడుతూనే ఉంది. మీరేమో పిల్లని ఏకంగా విమానం నడపమంటున్నారు.

బావ: రైలు లేకపోతే పిల్లేం చేసిందయ్యా? ఉన్న కాకినాడ–కోటిపల్లి లైను యుద్ధానికి ఇనుము కావాలని 1940లో తెల్లోళ్లు పీక్కుపోయారు. మళ్లీ వెయ్యడానికి 2004 దాకా పట్టింది. రైలొచ్చాకే విమానం అంటే నా మనవరాలికి కూడా పెళ్లయిపోద్ది.

బావమరిది: ఆ యుద్ధమే మన జిల్లాకి విమానమంటే ఏంటో చూపించింది లెండి. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ యుద్ధనౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. మా తాత మొదటిసారి విమానం మోత విన్నది ఆ రోజుల్లోనే. వినగానే ఇల్లు వదిలి పరిగెత్తాడట.

బావ: నేను విన్నది 96 తుఫానుకి. నవంబరు 6 రాత్రి తోటంతా పడుకుంది. తర్వాత హెలికాప్టరొచ్చి పులిహోర పొట్లాలు పడేస్తే ఒకటి మా పెంకుల మీద పడి రెండు పెంకులు పగిలాయి. పెంకులు పోతే పోయాయి గానీ ఆ పొట్లం ఐదుగురం తిన్నాం. 2022 జూలై వరదలప్పుడు లంకలకి నేవీ వాళ్లొచ్చారు చూడు, అదీ అంతే. మీ తాత పరిగెత్తాడని మనమూ పరిగెత్తాలా ఏంటి?

బావమరిది: పరిగెత్తమనలేదు. ఈ రంగం చరిత్ర కాస్త చదివినవాణ్ణి కాబట్టి భయపడుతున్నాను. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీలో ఒంటి ఇంజను పస్ మాత్ ఎక్కి, అహ్మదాబాదులో ఆగి, బొంబాయి జుహూలో దిగాడు. మన దేశంలో టాటాల విమాన వ్యాపారం అలా మొదలైంది. అహ్మదాబాదులో పెట్రోలు ఎద్దుబండి మీద డబ్బాల్లో వచ్చింది. విమానంలో మనుషుల్లేరు, ఉత్తరాలే. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. అంటే పుట్టుకే సర్కారు టపాని నమ్ముకుని. ప్రయాణికుడి టిక్కెట్టు డబ్బులతో కడుపు నింపుకోవడం ఈ వ్యాపారానికి అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే.

బావ: ఆ టాటాలే 2022లో ఎయిరిండియాని మళ్లీ కొనుక్కున్నారు కదా? నష్టాల బేరమైతే ఎందుకు కొంటారు?

బావమరిది: వాళ్లు టాటాలండీ. మనకి ఎకరంన్నర. మన హైదరాబాదు సంగతే చూడండి. నిజాం సర్కారు, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటాలు తిప్పారు. ఎనిమిదేళ్లు తిరక్కుండానే 1953లో అన్నిటితో పాటు అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

బావ: ఆగాగు. దేశంలో మొదటి ఆడ కమర్షియల్ పైలట్‌కి ఉద్యోగమిచ్చింది ఆ కంపెనీయే కదా? అమ్మాయి చెప్పింది. ప్రేమ్ మాథుర్. అలహాబాదులో నేర్చుకుని 1947లో లైసెన్సు తెచ్చుకుంది. మిగతా కంపెనీలు పొమ్మంటే మన హైదరాబాదు రమ్మంది. ఆ కాలంలోనే రమ్మన్నప్పుడు, ఇప్పుడు నువ్వు వద్దంటావేంటి?

బావమరిది: రమ్మంది. కో పైలట్ సీట్లో కూర్చోబెట్టింది. కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. ఆవిడ విసిగిపోయి ఢిల్లీ వెళ్లి బిర్లాల సొంత విమానం నడిపింది. మీరు సగం కథే విన్నారు.

(సగం కథ విన్నా బావగారు విన్న సగమే పనికొచ్చేది అనిపించింది నాకు. ఇవాళ మన దేశం పైలట్లలో ఆడవాళ్లు 15 శాతం దాకా ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద అందులో సగం కూడా లేరు. ఈ ఒక్క విషయంలో అమెరికా, ఐరోపాలు మన వెనకాలే ఉన్నాయి.)

బావ: సరే, అది పాత కథ. నీకు రాజోలు కథ చెప్తాను. మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికైనా వెళ్లు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషి లేని వీధి చూపించు. మా పిన్నత్త ఒకావిడ సంతకం తప్ప చదువు లేదు. ఇరవయ్యేళ్లు కువైట్‌లో చేసి వచ్చింది. ఇమిగ్రేషన్ లైన్లో ఎక్కడ నిలబడాలో, సామాను ఎన్ని కిలోలు దాటితే ఏం చెయ్యాలో, ఊరగాయ సీసా ఏ సంచిలో పెట్టాలో నీకూ నాకూ తెలీదు, ఆవిడకి తెలుసు. మన కోనసీమ ఆడవాళ్లు వెనకాల సీట్లో ముప్పై, నలభై ఏళ్ల నుంచి కూర్చుంటున్నారయ్యా. ఒక పిల్ల ముందు సీట్లో కూర్చుంటానంటే అంత వింతేంటి?

బావమరిది: వింత కాదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ పిన్నత్త టిక్కెట్టు కోసం తోట అమ్మలేదు.

బావ: పుస్తెలు తాకట్టు పెట్టింది! అది తక్కువా?

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. లోపల్నుంచి టీ వచ్చింది. బావమరిది మళ్లీ కంపెనీల దగ్గరికి వచ్చాడు.

బావమరిది: వాయుదూత్ గుర్తుందా? మన రాజమండ్రి పక్కన మధురపూడి విమానాశ్రయానికి వచ్చేది. పోయింది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్లో, గో ఫస్ట్ 2023 మేలో. మూతపడ్డప్పుడల్లా వందల మంది పైలట్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. నెలల జీతం బాకీ. మధ్యలో 2020లో కరోనాకి రెండు నెలలు దేశంలో మామూలు ప్రయాణికుల సర్వీసులు ఎగరలేదు. ఇలాంటి రంగంలోకి అప్పు నెత్తినేసుకుని దూకుతారా?

బావ: ఏవయ్యా, తెల్లదోమ వచ్చింది, నల్లి వచ్చింది, తుఫాను వచ్చింది, కాయ ధర వెయ్యికి ఎంతకి పడిపోయిందో నీకే తెలుసు. అన్నీ వచ్చాయని కొబ్బరి వెయ్యడం మానేశామా? జెట్ పోతే అందులోవాళ్లు ఇండిగోకి వెళ్లలేదా? ఆ ఇండిగో 2023 జూన్‌లో ఒక్క దెబ్బకి 500 విమానాలు ఆర్డరిచ్చింది. అంతకు ముందు ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 అంది. మొన్న 2025 డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు ఎందుకు రద్దు చేసింది? పైలట్లకి విశ్రాంతి పెంచే రూలొస్తే సరిపడా మనుషుల్లేక! పేపర్లో చదివాను. నీ చరిత్ర పుస్తకంలో ఇంకా రాలేదేమో.

బావమరిది: వచ్చింది. మీరు చదవనిది చెప్తాను. కొరత కెప్టెన్లకి. క్యూ కొత్తవాళ్లకి. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి. దానికి 1500 గంటలు ఎగిరి ఉండాలి. మీరు తోట అమ్మి కొనేది 200 గంటలు. ఆ రెండొందల గంటల లైసెన్సు పట్టుకుని, ఒక రకం విమానం నడిపే టైప్ రేటింగ్ కూడా చేసి, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న పిల్లలు ఉన్నారు. విమానాలు ఆర్డరిచ్చినంత తేలిగ్గా రావు. ఆ 500 వచ్చేసరికి పదేళ్లు దాటుతుంది.

బావ: ఇంతకీ ఆ రెండొందల గంటలు ఏంటో సరిగ్గా చెప్పు. కన్సల్టెన్సీ వాడు ‘ఏడాదిలో పైలట్’ అని కాగితం ఇచ్చాడు గానీ, అందులో సముద్రం బొమ్మ తప్ప ఏమీ లేదు.

ఇక్కడి నుంచి బావమరిది గొంతు మారింది. వాదన మానేసి పాఠం మొదలెట్టాడు. ఆ కన్సల్టెన్సీ కాగితం వెనకాలే పెన్ను పెట్టి రాశాడు.

బావమరిది: మొదట మెడికల్. క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు ఉండాలి, పిల్లకి ఉన్నాయి. డీజీసీఏ, అంటే విమానాల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ, పెట్టే పరీక్షలు: నావిగేషన్, వాతావరణం, రూల్సు, ఇంజనూ విమానం సంగతులు. ప్రతి పేపర్లో 70 శాతం రావాలి. మన ఇంటర్ బోర్డు 35 కాదు. రేడియోలో మాట్లాడ్డానికి ఆర్‌టీఆర్ అని వేరే పరీక్ష. ఇక ఎగరడం. మొత్తం 200 గంటల్లో 100 గంటలు తనే కెప్టెన్‌గా నడపాలి. అందులో 20 గంటలు ఊరు దాటి ఊరు వెళ్లాలి. ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లు, అంటే మన లెక్కలో 555 కిలోమీటర్లు ఉండి తీరాలి, దారిలో రెండు వేరే రన్‌వేల మీద పూర్తిగా దిగి లేవాలి. బయటికి చూడకుండా మీటర్లు మాత్రమే చూస్తూ 10 గంటలు. రాత్రిపూట 5 గంటలు, అందులో తనే కెప్టెన్‌గా పది టేకాఫ్‌లు, పది ల్యాండింగులు. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండితే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇస్తారు.

బావ: ఇది ఏడాదిలో అవదా?

బావమరిది: లెక్క ప్రకారం అవ్వొచ్చు. వాన పడితే ఎగరరు, మబ్బు కిందికి దిగితే ఎగరరు, ఇన్‌స్ట్రక్టర్ మానేస్తే ఎగరరు, సెస్నాకి ఒక పార్టు రాకపోతే అది వచ్చేదాకా ఎగరరు. హాస్టల్ ఖర్చు మాత్రం రోజూ ఎగురుతుంది. ఫీజు అరకోటి పైన. ఎయిర్‌బస్ ఏ320 గానీ బోయింగ్ 737 గానీ నడపడానికి టైప్ రేటింగ్‌కి ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. ఎయిర్‌లైన్ వాళ్ల క్యాడెట్ ప్రోగ్రామ్ అయితే కోటి పైమాటే.

బావ: విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య ఏం చేసింది మరి? వాళ్ల నాన్న సైన్యంలో పనిచేసిన మామూలు మనిషి. అప్పు చేశాడు. పిల్లకి పదిహేడేళ్లకి ఫుర్సత్‌గంజ్‌లో సీటు, పంతొమ్మిదికి ఎయిరిండియా, ముప్పైకి బోయింగ్ 777 కమాండర్. మొదట్లో ఆ పిల్ల ఇంగ్లీషు విని తోటివాళ్లు నవ్వారట. మన తెలుగు పిల్లే.

బావమరిది: ఆవిడంటే నాకూ గౌరవమే. కానీ చూడండి. ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కేంద్ర ప్రభుత్వానిది. ప్రవేశ పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాటి వెళ్లింది. డబ్బిస్తే దొరికే సీటు కాదది. ఆవిడ బయటికొచ్చేసరికి ఎయిరిండియా 68 బోయింగులు కొంటోంది. ఆ తండ్రి అప్పు చేసింది పిల్ల పరీక్ష గెలిచాక. మీరు పరీక్ష రాయకముందే తోట అమ్ముతున్నారు. నేను వద్దంటున్నది ఆ వరసనే.

బావ: మీ అక్క గొడవ వేరు. ఆవిడకి డబ్బు కాదు, బాలయోగి గారు గుర్తొస్తారు.

ఈ పేరు వచ్చేసరికి ఇద్దరూ టీ గ్లాసులు కింద పెట్టారు. కోనసీమలో ఏ ఇంట్లో విమానం మాట వచ్చినా ఈ పేరు వస్తుంది. యెదుర్లంక మనిషి, అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు. 2002 మార్చి 3 పొద్దున భీమవరంలో ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆయన, పైలట్, భద్రతా సిబ్బంది మనిషి చనిపోయారు. యానాం–యెదుర్లంక వంతెనకి ఆయన పేరే పెట్టారు. కోటిపల్లి రైలు కోసం తిరిగిన మనిషి కూడా ఆయనే.

బావమరిది: ఇందులో మాత్రం నేను మీ పక్షం. అక్కకి చెప్పండి, ఆ రోజు చిన్న హెలికాప్టర్, దారి కనపడని వాతావరణం. నేలనుకుని దిగబోయింది చెరువు మీదికి. ఎయిర్‌లైన్ విమానం కంటితో నేల వెతుక్కుంటూ దిగదు. ఇద్దరు పైలట్లు, రన్‌వే నుంచి వచ్చే రేడియో తరంగాల దారి, ఫలానా ఎత్తుకి వచ్చేసరికి రన్‌వే కనపడకపోతే మారు మాట లేకుండా మళ్లీ పైకి లేవాలన్న నియమం. హెలికాప్టర్ ప్రమాదం చూసి ఎయిర్‌బస్‌కి భయపడక్కర్లేదు.

బావ: మరి అహ్మదాబాదు? 2025 జూన్ 12. లేచిన నిమిషంలోపే. విమానంలో 242 మందిలో ఒక్కడే బతికాడు.

బావమరిది: అదీ నిజమే. ఏ తల్లికైనా భయపడే హక్కుంది. నేను కాదనను. కానీ నేను వద్దంటున్నది అందుక్కాదు.

బావ: ఎందుకో నాకు తెలుసులే. నువ్వు కూడా ఎయిర్‌ఫోర్స్ అని తిరిగావు కదా డిగ్రీ అయ్యాక. నీకు దొరకలేదని పిల్లకి...

బావమరిది: ఆ మాట అక్క ముందు అనకండి. నాకెందుకు దొరకలేదో తెలుసా? చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి పెడతారు, ఇషిహారా అంటారు. ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు, మధ్యలో అంకె. ఒక పేజీలో అందరికీ 74 కనపడుతుంది. నాకు 21 కనపడింది. డాక్టరు పేజీ తిప్పి మళ్లీ చూపించాడు. మళ్లీ 21. ఎరుపు, పచ్చ తేడా నా కంటికి సరిగ్గా అందదు. విమానం ఎడమ రెక్క చివర ఎర్రదీపం, కుడి రెక్కకి పచ్చదీపం ఉంటుంది, ఎదురొచ్చేవాడు ఎటు తిరిగి ఉన్నాడో వాటితోనే తెలియాలి. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనపడితే సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ ఎర్రగా కనపడితే బాగా కిందికి వచ్చేసినట్టు. అందుకే నన్ను పంపేశారు. తప్పు చెయ్యలేదు వాళ్లు.

బావ: ఇన్నేళ్లూ చెప్పలేదేంటయ్యా?

బావమరిది: మీరు అడగలేదు. ఇది ఎక్స్ క్రోమోజోములో వచ్చేది, మా అమ్మ నుంచి నాకొచ్చింది. అక్కలోనూ ఉండొచ్చు, ఆవిడకి కనపడదు, మోస్తుంది అంతే. అలా మోస్తుంటే, మీకు కొడుకు పుట్టి ఉంటే వాడికి సగానికి సగం ప్రమాదం. కూతురికి రావాలంటే తండ్రికి కూడా ఉండాలి. మీకుందా?

బావ: పండు మిరపకాయకీ పచ్చి మిరపకాయకీ తేడా తెలుస్తోందిలే!

బావమరిది: అయితే ఆ ఒక్క విషయంలో పిల్లకి భయం లేనట్టే. కానీ కంటి పవరుంది, చెవుంది, గుండె ఈసీజీ ఉంది. నాకు ఆ పరీక్ష మొదట్లోనే జరిగింది కాబట్టి పోయింది ఒక రైలు టిక్కెట్టు డబ్బులు. అదే యాభై లక్షలు కట్టాక జరిగి ఉంటే మా నాన్న ఏమయ్యేవాడు? ఇన్‌స్టిట్యూట్ వాడు ‘ముందు అడ్మిషన్, మెడికల్ తర్వాత చూద్దాం’ అంటే లేచి వచ్చెయ్యండి.

(బావమరిది మీద ఇప్పటిదాకా నాకున్న అనుమానం ఇక్కడ పోయింది. రెక్కలు కత్తిరించడానికి వచ్చాడనుకున్నాను. లెక్క కట్టడానికి వచ్చాడు.)

బావ: నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?

బావమరిది: ముందు ఖర్చు లేని దారి. 2021 నుంచి సైన్యంలో ఆఫీసర్లయ్యే ఎన్‌డీఏ పరీక్ష ఆడపిల్లలూ రాస్తున్నారు. 2025 మే 30న మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు బయటికొచ్చారు. ఎయిర్‌ఫోర్స్ ఎంచుకుంటే శిక్షణ మన హైదరాబాదు పక్కన దుండిగల్‌లో. 2016లో దేశంలో మొదటి ముగ్గురు ఆడ ఫైటర్ పైలట్లు అక్కడి నుంచే వచ్చారు. మీరు పైసా కట్టక్కర్లేదు. వాళ్లే ఇస్తారు. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. పిల్లకి ఇంకా సమయముంది.

బావ: రాకపోతే?

బావమరిది: ఫుర్సత్‌గంజ్ పరీక్ష రాయనివ్వండి. అదీ రాకపోతే డీజీసీఏ పేపర్లు ఇంట్లో కూర్చుని రాయనివ్వండి. వాటికి విమానం ఎక్కక్కర్లేదు. నావిగేషన్, వాతావరణం నేను చెప్తాను. ఆ పేపర్లు పాసై, చేతిలో క్లాస్ 1 మెడికల్ ఉండి, అప్పటికీ పిల్ల పైలటే అవుతానంటే, తోట అమ్మండి. అప్పుడు నేను కూడా నాకున్న పావెకరం కలుపుతాను.

బావ: సోమవారం బయానా తీసుకోవాలి నేను.

బావమరిది: కొబ్బరి ధర పెరిగేదాకా ఆగుదామని కొనేవాడికి చెప్పండి. నమ్ముతాడు.

బయానా వాయిదా పడింది. బేరం రద్దు కాలేదు. ఎవరు గెలిచారంటే, డబ్బు విషయంలో మేనమామ, ధైర్యం విషయంలో తండ్రి అని నా తీర్పు. అమ్మాయి మాత్రం ఈ వాదనంతా వింటూ ఫోన్లో మధురపూడిలో దిగుతున్న ఏటీఆర్‌ని మ్యాపు మీద చూపించింది. గాలి ఎటు నుంచి వీస్తోందో, ఏ కొన నుంచి దిగుతుందో ముందే చెప్పింది. అలాగే దిగింది.

ఇలాంటి బేరం మీ ఇంట్లోనూ నడుస్తుంటే ఒక మాట. 2025లో డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకి గ్రేడ్లు ఇవ్వడం మొదలెట్టింది. మొదటి జాబితాలో అందరికంటే పై గ్రేడు ఒక్క స్కూలుకీ రాలేదు. కాబట్టి మీరు చూస్తున్న స్కూలుకి ఏ గ్రేడు వచ్చిందో ముందు చూసుకోండి. తర్వాత స్వయంగా వెళ్లి, ఆఫీసులో కాదు, హ్యాంగర్ దగ్గర నిలబడి అడగండి: ఎగిరే స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని, వాటికి విద్యార్థులు ఎంతమంది, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, కిందటి బ్యాచ్‌కి 200 గంటలు ఎన్ని నెలల్లో పూర్తయ్యాయి, మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత వెనక్కిస్తారు. చివరిదానికి జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వనంటే ఆ స్కూలు వద్దు.